చిన్న పొద్దు రోజాలు

నా మనవరాలికి ఒక రోగం ఉంది. ఇంత మనిషిని ఎదురుగా కూర్చొని ఉంటాను, అయినా ఏ సంగతి కావాలన్నా ఫోన్‌నే అడుగుతుంది. వాన పడుతుందా అని కూడా ఫోన్‌నే అడుగుతుంది గాని కిటికీ తీసి మబ్బు వంక చూడదు. మొన్న సాయంత్రం బడి నుంచి రాగానే పెద్ద చార్టు పరిచి రంగు పెన్సిళ్లతో గ్రహాలన్నీ గీసింది. ఏ గ్రహం మీద రోజు ఎంత పొడుగుంటుంది, పగలు ఎంతసేపుంటుంది, అది దేన్నిబట్టి అని రాసుకు రమ్మన్నారట. ఫోన్ గడగడా అప్పజెప్పింది. గ్రహం తన చుట్టూ తాను ఎంత వడిగా తిరుగుతుందో దాన్నిబట్టి రోజు. ఎంత వంగి తిరుగుతుందో, ఏడాదిలో ఏ కాలమో, దాని మీద మనం ఏ చోట ఉన్నామో, వాటినిబట్టి పగలు. పిల్ల తల ఎత్తకుండా రాసుకుంది.

"అమ్మమ్మా, శుక్రుడు తన చుట్టు ఒక్కసారి తిరిగేలోపల సూర్యుణ్ణి చుట్టి కూడ వస్తడట. ఎరుకేనా నీకు?" అంది.

ఎరుకే అన్నాను. నమ్మలేదు. ముసలిదానికి శుక్రుడి సంగతి ఏం తెలుసన్నట్టు ఒక చూపు చూసింది. నాకు రోషం వచ్చింది. వంటింట్లోంచి ఒక నిమ్మకాయ, ఒక లవంగం, ఒక చీపురు పుల్ల పట్టుకురా పో అన్నాను. తెచ్చింది. నిమ్మకాయలోకి పుల్ల గుచ్చాను. తొక్క చిట్లి ఆ వాసన ముక్కుకు తగలగానే, లవంగం గుచ్చకుండానే నిమ్మకాయను ఒళ్లో పెట్టుకున్నాను. ఆ వాసన వెనకాలే తడి తునికాకు వాసన, పొగాకు వాసన, ఊరంతా కాగుతున్న చెరుకు రసం వాసన, ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి.

ఇప్పుడు నిజామాబాద్ టౌన్లో, మూడో అంతస్తులో ఉంటున్నాను గాని, నేను పుట్టి పెరిగింది బోధన్‌లో. నా చిన్నప్పుడు ఆ ఊరికి రెండే కాలాలు. చక్కెర ఫ్యాక్టరీ నడిచే కాలం, నడవని కాలం. నడిచే కాలాన్ని అందరూ సీజన్ అనేవాళ్లు. సీజన్ మొదలైందంటే కోటగిరి దిక్కు నుంచి, ఎడపల్లి దిక్కు నుంచి చెరుకు బండ్లు బారులు తీరేవి. గాలి తియ్యగా, కొంచెం పులిసినట్టుగా ఉండేది. ఆరేసిన బట్టల మీద ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి నల్లటి నుసి రాలేది. మా అవ్వ ఆ నుసిని, ఆ గొట్టాన్ని, దాన్ని కట్టినవాళ్లను వరుసగా తిట్టి, మళ్లీ ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసే తన కొడుక్కు, అంటే మా బాపుకు, టిఫిన్ కట్టేది. మేము పిల్లలం బండ్ల వెనక నక్కి నడుస్తూ చెరుకు గడలు లాగేవాళ్లం. అంచుకు ఉన్న గడ తేలిగ్గా వచ్చేది. నడుమ గడ లాగామా, గుట్టంత మోపూ కదిలి దొరికిపోయేవాళ్లం. బండి మీద కూర్చున్న మరాఠీ కూలీలు "సోడ్, సోడ్" అని, వదలమని అరుస్తూనే ఒక ముక్క విరిచి మా మీదికే విసిరేవాళ్లు.

మా గోడకు గోడ ఖాలమ్మ ఇల్లు. వాళ్ల ఉర్దూలో ఖాలా అంటే పిన్ని, దానికి మేము అమ్మ కలిపాం. ఆమె అవ్వకంటే కొంచెం చిన్నది. అవ్వను అక్క అని పిలిచేది, అవ్వ ఆమెను చెల్లె అనేది. భర్త నేను పుట్టకముందే పోయాడు. పిల్లలు లేరు. టౌన్లో ఒక తమ్ముడున్నాడని చెప్పుకునేది గాని, నేను అతన్ని చూసింది తక్కువ. మా అమ్మ తెల్లారగానే పొలం కూలికి పోయేది, బాపు డ్యూటీకి పోయేవాడు, నేను బడి విడిచాక నేరుగా ఖాలమ్మ వసారాలోకే పోయేదాన్ని. అవ్వ కూడా అక్కడే ఉండేది కాబట్టి. ఇద్దరూ ఒళ్లో చాటలు పెట్టుకొని బీడీలు చుట్టేవాళ్లు. నానబెట్టిన తునికాకును తడి గోనెసంచిలో చుట్టి పక్కన పెట్టుకునేవాళ్లు. ఆకు కత్తిరించడం, చిటికెడు పొగాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, చివర మడవడం. చేతులు వాటంతటవే ఆడుతుండేవి, నోళ్లు ఊరి ముచ్చట్లన్నీ తిరిగొచ్చేవి. వాళ్లకు దీపం పెట్టుకొని పనిచేసే అలవాటు లేదు. వెలుగున్నంతసేపే పని. చలికాలంలో వసారా లోపలిదాకా ఎండ వచ్చేది, ఇద్దరూ చాటలతో సహా ఆ ఎండ వెంబడి జరుగుతూ పోయేవాళ్లు. పొద్దున తలుపు దగ్గర మొదలైనవాళ్లు సాయంత్రానికి నీళ్ల తొట్టి దగ్గర తేలేవాళ్లు.

మా గల్లీలో సాయంత్రానికి రెండు చప్పుళ్లుండేవి. ఒకటి ఫ్యాక్టరీ సైరన్. ఎండైనా వానైనా, సీజన్ ఉన్నా లేకున్నా, అది సరిగ్గా ఆరు గంటలకు కూసేది. రెండోది మసీదులో సాయంత్రపు అజాన్. అది పొద్దు గుంకినప్పుడు వచ్చేది. ఎండాకాలంలో సైరన్ ముందు కూసేది, మేము ఇంకా చాలాసేపు ఆడుకునేవాళ్లం, ఆ తర్వాత ఎప్పటికో అజాన్ వచ్చేది. చలికాలంలో ముందు అజాన్ అయిపోయేది, చీకట్లో సైరన్ కూసేది. ఈ రెండు చప్పుళ్లు ఏడాది పొడుగునా దగ్గరికి జరగడం, ఒకదాన్నొకటి దాటడం, మళ్లీ దూరం పోవడం నేను చాలా చిన్నప్పుడే కనిపెట్టాను. ఇందులో ఎవరిది తప్పు అని అవ్వను అడిగాను. సైరన్ కూతపెట్టేవాడు తాగుబోతు, వాడిదే తప్పు అని అవ్వ తీర్పు చెప్పింది. బాపు నవ్వి, సైరన్‌ది గడియారం లెక్క, అజాన్‌ది సూర్యుడి లెక్క, సూర్యుడు ఎవరి దగ్గరా కొలువు చెయ్యడు అన్నాడు.

ఒక ఏడాది రంజాన్ నడి ఎండల్లో పడింది. ఖాలమ్మ వాళ్ల నెలలు చంద్రుణ్ణిబట్టి నడుస్తాయి కనుక రంజాన్ ఏటా కొంచెం ముందుకు జరుగుతూ అన్ని కాలాలూ తిరిగొస్తుంది. చలికాలంలో పడితే రోజా, అంటే పొద్దు గుంకేదాకా మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం, తొందరగా అయిపోతుంది. ఎండాకాలంలో పడితే పొద్దు ఎంతకూ గుంకదు, గొంతులో తడి ఉండదు. ఖాలమ్మకు అప్పటికే దమ్ము రోగం. ఏళ్ల తరబడి ఆ పొగాకు దుమ్ములో కూర్చున్న మనిషి, రాత్రంతా దగ్గేది. నాలుగు రోజాలు ఎలాగో పట్టింది. ఆ తర్వాత ఒకనాడు వసారాలోనే చాట మీద పడిపోయింది. బాపు రిక్షాలో దవఖానకు తీసుకుపోయాడు. డాక్టరు రోజాలు వద్దే వద్దన్నాడు, పూటపూటకూ గోళీలు మింగాలన్నాడు. మసీదు పెద్దాయన కూడా, జబ్బు మనిషికి మాఫీ ఉంది, తర్వాత ఏడాదిలో ఎప్పుడైనా తీర్చుకోవచ్చు, చేతకాకపోతే బీదవాళ్లకు అన్నం పెట్టినా సరిపోతుందని కబురు చేశాడు.

అన్నం పెట్టడానికి నా దగ్గరేమున్నది, నేనే బీదదాన్ని గదా అని ఖాలమ్మ నవ్వింది. ఆ నెలంతా మంచంలో ఉండి, తప్పిపోయిన ఒక్కొక్క రోజాకూ ఒక ముడి చొప్పున బీడీలు కట్టే గులాబీ రంగు దారానికి ముడులు వేసింది. లాగితే ఊడే ముడులు. ఆ దారాన్ని మంచం కోడుకు కట్టుకుంది. పండగ నాడు పడుకొనే మాకు సేమ్యా పాయసం తినిపించి, చలికాలం రానీ, చిన్న పొద్దులు రానీ, అన్నీ ఇప్పేస్త అంది. మళ్లీ రంజాన్ వచ్చేదాకా తాను ఉండనని ఆమెకు తెలుసు. పైకి అనలేదు గాని అవ్వకూ తెలుసు, అందుకే ఆ దారం చూసినప్పుడల్లా అవ్వకు మండిపోయేది.

"మీ దేవుడు పానం పోయినా సరే అంటడా?" అని అడిగింది అవ్వ ఒకనాడు.

"ఆయన అనడక్కా. నేనే అంటున్న" అంది ఖాలమ్మ. "బాకీ పెట్టుకొని ఆయన ముందల నిలబడాలంటే నాకు సిగ్గయితది."

వానలు వెళ్లిపోయే రోజుల్లో బడిలో మాకు భూమి పాఠం వచ్చింది. మా బడిలో గ్లోబు ఒకటే ఉండేది, బీరువాలో. సారు ఇంకా రాలేదు కదా అని మేము నలుగురం దాన్ని బయటికి తీశాం. అది ఒక పక్కకు ఒరిగి ఉంది. ఎవరో కింద పడేసి వంచేశారనుకున్నాం. తప్పు మా మీదికి వస్తుందని భయపడి, ఇద్దరం అడుగు పట్టుకొని ఇద్దరం పైన పట్టుకొని, రాయితో కొట్టి కొట్టి దాన్ని నిట్టనిలువుగా చేశాం. సారు వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. మా చేతుల మీద బెత్తం ఆడించి, ఆ తర్వాత పాఠం చెప్పాడు. భూమి వంగే ఉంటుంది, ఆ వంపుతోనే సూర్యుడి చుట్టూ తిరుగుతుంది, వంపు లేకుంటే ఎండాకాలమూ లేదు, చలికాలమూ లేదు అన్నాడు. దెబ్బలు తిని నేర్చుకున్నది కనుక ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆ సాయంత్రం చేతులు మండుతూనే ఖాలమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆమె మంచం మీద ఆనుకొని కూర్చుంది, అవ్వ కింద కూర్చొని బీడీల చివర్లు మడుస్తోంది. కందిలి ముట్టించి నట్టింట్లో పెట్టాను, అది సూర్యుడు. నిమ్మకాయకు చీపురు పుల్ల గుచ్చాను, అది భూమి. నడుమకన్నా కొంచెం పైన ఒక లవంగం గుచ్చాను, అది బోధన్. పుల్ల పట్టుకొని తిప్పితే లవంగం వెలుగులోకి వచ్చి చీకట్లోకి పోయింది. అది ఒక రోజు. పుల్లను కందిలి దిక్కు వంచి తిప్పితే లవంగం ఎక్కువసేపు వెలుగులో ఉంది, అది ఎండాకాలం. కందిలికి అవతలి పక్కకు పోయి, పుల్ల వంపు మార్చకుండా తిప్పితే లవంగం తొందరగా చీకట్లో పడింది, అది చలికాలం. కందిలి చుట్టూ తిరగలేక నేనే రెండుసార్లు తూలిపడ్డాను. అవ్వకు కోపం వచ్చింది, కూరలోకి దాచుకున్న నిమ్మకాయ అది.

ఖాలమ్మ మాత్రం ఎంత శ్రద్ధగా చూసిందంటే, మా సారు ఆమెను చూస్తే మా అందరి చెవులూ మెలిపెట్టేవాడు. గ్రహాలన్నీ ఇట్లనే తిరుగుతయా అని అడిగింది. లేదు, కొన్ని జోరుగా తిరుగుతయి, కొన్ని మెల్లగా తిరుగుతయి, శుక్రుని మీద ఒక్క పొద్దు గుంకాలంటే మన దగ్గర నెలలు గడుస్తయి అన్నాను. ఆమె కళ్లు పెద్దవి చేసి, నా నసీబు బాగుంది, ఆ ఊర్లో పుట్టకపోతిని, అక్కడ రోజా పట్టినోళ్లు ఎప్పుడు నోరు తడుపుకోవాలి అంది. అవ్వ కూడా నవ్వింది. నవ్వి నవ్వి ఖాలమ్మకు దగ్గు తెర వచ్చింది. తగ్గాక నిమ్మకాయను చేతిలోకి తీసుకుంది.

"గిది సక్కగ నిలబడుంటే ఏమైతుండె బిడ్డా?"

"అన్ని పొద్దులు ఒక్క తీరే ఉంటుండె ఖాలమ్మా. ఏడాదంత."

ఖాలమ్మ పుల్లను ఒరిగించి పట్టుకొని లవంగం వైపు చూస్తూ ఉంది.

"అయితే వంకరున్నదే నయం" అంది చివరికి. "నా అసొంటోళ్ల కోసమే వంచిపెట్టిండు."

ఖాలమ్మ ఇంట్లో పడమటి గోడకూ పైన గూనపెంకకూ నడుమ ఒక చిన్న సందు ఉండేది. సాయంత్రం ఆ సందులోంచి ఎండ ఇంట్లోకి వచ్చి, ఎదుటి గోడ మీద బిళ్లలాగా పడేది. ఆమె మంచం ఆ పడమటి గోడకే ఆనించి ఉండేది కనుక బిళ్ల ఎప్పుడూ కళ్లెదుటే. పొద్దు వాలేకొద్దీ బిళ్ల గోడ మీద పైకి పాకేది, పైకి పోయి పోయి ఎర్రబడి ఆరిపోయేది. అది ఆరిందంటే అజాన్ వచ్చేది. కాలం మారేకొద్దీ బిళ్ల గోడ పొడుగునా పక్కకు కూడా జరిగేది. ఎండాకాలంలో తలుపు దగ్గర పడ్డది, చలి ముదిరేసరికి ఆ చివరన తస్బీ, అదే జపమాల, తగిలించే మేకు దగ్గరికి వచ్చేసింది. గాజు పూసల తస్బీ మీద ఎండ పడి ఇల్లంతా చిన్న చిన్న మెరుపులు తిరిగేవి. అవి చూడ్డానికే నేను ఆ వేళకు అక్కడ ఉండేదాన్ని. నేను బొగ్గుతో గీత పెట్టి చూశాను. ఆ మేకు దగ్గర బిళ్ల కొన్నాళ్లు కదలకుండా ఆగింది. అన్నిటికన్నా చిన్న పొద్దులు అవే.

ఖాలమ్మ అప్పటికే రోజాలు మొదలుపెట్టింది. ఒళ్లు బాగున్న నాడు పట్టేది, బాగాలేని నాడు అవ్వ గోళీలు మింగించి పడుకోబెట్టేది. తెల్లవారకముందే అవ్వ కిచిడీ వండి, చింతపండు పులుసు చేసి గోడ మీదుగా అందించేది. తిట్టుకుంటూనే అందించేది. రోజా ఉన్న నాడు అవ్వ ఆమె ముందు నీళ్లు కూడా తాగేది కాదు, ఆకువక్క వేసుకునేది కాదు. అన్నం తినాలంటే మా ఇంటి వెనక్కి పోయి, దొంగలాగా గబగబా నాలుగు ముద్దలు మింగి వచ్చేది. సాయంత్రం అజాన్ కాగానే ఖాలమ్మ ఖజూరం పండు నోట్లో వేసుకొని, నీళ్లు తాగి, దారం అందుకొని ఒక ముడి లాగేది. అది ఊడిపోతుంటే ఆమె ముఖం చూడాలి. కాసేపటికి చీకట్లో సైరన్ కూసేది. మీ ఫ్యాక్టరీ కన్న నా పొద్దే ముందు గుంకిందని బాపును ఎక్కిరించేది.

ఒకనాడు అవ్వ బాపును పక్కకు పిలిచింది. ఆ సైరన్ వాడు నీ దోస్తే కదా, వానికి చెప్పి కొన్నాళ్లు గంట ముందు కూతపెట్టించు, చెల్లె పొద్దు తొందరగా అయిపోతుంది అని అడిగింది. బాపుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"సైరన్ కొడితే పొద్దు గుంకదవ్వా" అన్నాడు మెల్లగా.

అవ్వకు ఆ మాత్రం తెలియక కాదు. ఏం చెయ్యాలో తోచక అడిగింది. ఖాలమ్మ రోజురోజుకూ ఆరిపోతోంది. దారంలో ముడులు తగ్గుతున్నకొద్దీ మనిషి కూడా తగ్గుతోంది. బీడీలు చుట్టడం మానేసింది. వసారాలో ఎండ ఉన్నా చాట ముందు అవ్వ ఒక్కతే కూర్చునేది.

పొద్దు మళ్లీ పెరగడం మొదలైంది. బిళ్ల మేకును వదిలి తలుపు దిక్కు తిరుగుదారి పట్టింది. అజాన్ జరిగి జరిగి సైరన్‌ను దాటి, దాని వెనక పడింది. దారానికి ఒకే ముడి మిగిలింది. అవ్వ, బాపు, డాక్టరు ఎవరు చెప్పినా వినకుండా ఒక తెల్లవారుజామున ఖాలమ్మ చివరి రోజా పట్టింది.

మధ్యాహ్నం దాటేసరికి ఆమె ఊపిరి గాలి కొట్టే తిత్తిలాగా ఆడింది. పెదవులు ఎండి చిట్లాయి. మాట సగం పలికి సగం మింగేది. కళ్లు మూసుకొని ఎంతోసేపు పలకలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి అవ్వ ఆమె కాళ్లు రుద్దుతూ ఏడుస్తోంది. నన్ను చూసి లేచింది. ముఖం తుడుచుకుంది. వసారాలో తునికాకు చుట్టిన గోనెసంచి విప్పి, ఆకంతా కింద పోసి, దాన్ని కిటికీకి కట్టమంది. నేను కట్టాను. సంచి నుంచి నీళ్లు కారుతున్నాయి. అవ్వ తలుపు దగ్గరికి వేసింది. ఇల్లంతా చీకటైంది. కందిలి ముట్టించింది. మూల కుండలోంచి గిలాసతో నీళ్లు ముంచింది. చిన్న పీట లాక్కొని మంచానికి ఎదురుగా కూర్చొని ఖాలమ్మ చెయ్యి పట్టి కదిపింది.

"లే చెల్లె. పొద్దు గుంకింది. అజానయ్యింది. నీకు నిద్రల ఇనబడలే. ఇగో, నీళ్లు తాగు."

ఖాలమ్మ కళ్లు తెరిచింది. కందిలిని చూసింది. కిటికీని చూసింది. నేను తలుపు దగ్గర నిలబడి ఆమె చూపు వెంబడే చూశాను. అవ్వ కిటికీ మూసింది, తలుపు మూసింది గాని, పెంక కింద సందు సంగతి మరిచిపోయింది. అవ్వ వెనక, అవ్వ తలకు కొంచెం పైన, గోడ మీద ఎండ బిళ్ల తెల్లగా నిలబడి ఉంది. ఇంకా పొద్దు చాలా ఉంది. అవ్వకు అది కనబడదు. ఖాలమ్మకు తప్పకుండా కనబడుతుంది. 

ఖాలమ్మ చెయ్యి చాపి గిలాస అందుకుంది. నోటి దాకా తీసుకుపోయి ఆగింది.

"కాగినయక్కా" అంది. "జర సల్లారనీ."

గిలాసను ఒళ్లో పెట్టుకొని రెండు చేతులతో పట్టుకుంది.  ఖాలమ్మ మాట్లాడడం మొదలుపెట్టింది. గొంతు అంతంత మాత్రమే. తాను కొత్త కోడలిగా ఈ గల్లీకి వచ్చిన నాడు తెలుగు ఒక్క ముక్క రాకపోతే, అవ్వ చేతులు తిప్పి తిప్పి నీళ్ల బాయి ఎక్కడుందో చెప్పిన సంగతి. ఇద్దరూ మొదటిసారి చుట్టిన బీడీలు వంకరటింకరగా ఉన్నాయని కార్ఖానావాడు తిరిగి పంపిస్తే, ఆ కట్టలన్నీ ఇంటి వెనక గుంట తవ్వి పాతిపెట్టిన సంగతి. అవ్వ ఊ కొడుతోంది. నడుమ నడుమ దగ్గు వచ్చేది, నీళ్లు తొణికేవి, గిలాస మాత్రం వదల్లేదు. బిళ్ల పసుపు పచ్చబడింది, పైకి పాకింది. తస్బీ చివరి పూస మీద కొంచెమే పడి రెండు మెరుపులు మెరిపించింది.

అప్పుడు సైరన్ కూసింది.

ఆరు గంటల సైరన్. ముగ్గురమూ విన్నాం. పొద్దు గుంకిందని అవ్వ చెప్పి ఎంతసేపైందో ముగ్గురికీ తెలుసు. అవ్వ తల దించుకుంది.  ఖాలమ్మ ఒక్క క్షణం ఆగి, తెగిపోయిన దగ్గర నుంచి ముచ్చట మళ్లీ అందుకుంది, ఏమీ విననట్టే. బిళ్ల ఎర్రబడి ఆరిపోయింది. కొంచెంసేపటికి మసీదులో అజాన్ మొదలైంది.

"ఇప్పుడు సల్లారినయి" అంది ఖాలమ్మ. నీళ్లు తాగింది. సగం మెడ మీదికి కారిపోయాయి, అవ్వ కొంగుతో తుడిచింది. ఆ తర్వాత ఖాలమ్మ దారం అవ్వ చేతికి ఇచ్చింది. ఆమె వేళ్లలో సత్తువ లేదు. చివరి ముడి అవ్వ లాగింది.

తర్వాత ఆమె ఎక్కువ రోజులు ఉండలేదు. ఇంకా సీజన్ నడుస్తుండగానే, చెరుకు బండ్లు ఇంకా బారులు తీరి ఉండగానే ఒక పొద్దుటి పూట పోయింది. టౌన్ నుంచి తమ్ముడొచ్చాడు. నలుగురు ఎత్తుకొని పోతుంటే తెల్లటి గుడ్డ మీద ఫ్యాక్టరీ నుసి రాలుతోంది. అవ్వ గల్లీ మలుపు దాకా వెంట పోయి, చేత్తో ఆ నుసి తుడుస్తూ నడిచింది. ఆ రోజు ఆ గొట్టాన్ని తిట్టలేదు.

ఆ సాయంత్రం అవ్వ ఖాలమ్మ వసారాలోనే కూర్చుంది. పొయ్యి ముట్టించలేదు. నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి, నన్ను చూడకుండానే అంది.

"కాగినయన్నది. కుండల నీళ్లు బిడ్డా. సలికాలం కుండల నీళ్లు. నేనే ముంచిచ్చిన. పండ్లు జివ్వుమంటయి."

అప్పుడు ఏడ్చింది అవ్వ. అట్లా ఏడవడం మళ్లీ నేను చూడలేదు. అబద్ధం చెప్పినందుకు ఖాలమ్మ తిట్టి ఉంటే, మొగం తిప్పుకొని ఉంటే, ఇంత బాధ ఉండకపోవునేమో. తనకు ఊపిరి ఆడని పూట కూడా ఆమె అక్క మనసు నొచ్చుకుంటుందేమోనని చూసుకుంది. అటు దేవుడి బాకీ తీర్చింది, ఇటు అక్క మాట కాదనలేదు. ఇంతా చేసి మేము చేసిన రాత్రి ఒక్క ఇంట్లోదే, అది కూడా పూర్తిగా చెయ్యలేకపోయాం.

అవ్వ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ఏటా చలి ముదిరి పొద్దు చిన్నబడే రోజుల్లో సాయంత్రం కుండలోంచి నీళ్లు ముంచుకొని, అజాన్ అయ్యేదాకా చేతిలో పట్టుకొని కూర్చునేది. ఎవరైనా అడిగితే దూప లేదనేది. ఆమె పోయింది. బాపు పోయాడు. ఖాలమ్మ ఇల్లు పడిపోయి, అక్కడ ఇప్పుడు ఎవరిదో మేడ లేచింది. ఫ్యాక్టరీ ఆగిపోయి చాలా కాలమైంది. బోధన్ పోయినప్పుడు ఆ గోడ వెంబడి నడుస్తాను, లోపల పిచ్చి చెట్లు మొలిచి ఉంటాయి. బండ్లు లేవు, నుసి లేదు, ఆ తియ్యటి వాసన లేదు. పొద్దు మాత్రం మునుపటి లాగే పెరుగుతోంది, తగ్గుతోంది. రంజాన్ అన్ని కాలాలూ తిరిగి మళ్లీ చలికాలం అంచుకు వచ్చింది. ఇంకొన్నేళ్లలో అది మళ్లీ చిన్న పొద్దుల్లో పడుతుంది. ఖాలమ్మ ఎదురుచూసినవి అట్లాంటి రంజాన్లే.

నిమ్మకాయ ఒళ్లో పెట్టుకొని నేను ఎంతసేపు అట్లా ఉండిపోయానో తెలియదు. మనవరాలు ఫోన్ పక్కన పెట్టేసి నా ముఖంలోకి చూస్తోంది. పాపం, భయపడింది. పరిగెత్తి ఒక గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. బయట ఎండ ఎదుటి బిల్డింగు పై అంతస్తుకు ఎక్కి ఎర్రబడుతోంది. గడియారంలో ఆరు దాటింది. నా చెవులు ఇప్పటికీ ఆ వేళకు ఒక కూత కోసం చూస్తాయి. అది రాదు.

"తాగు అమ్మమ్మా" అంది పిల్ల.

"ఉండు బిడ్డా. కాగినయి, జర సల్లారనీ."

పిల్ల గ్లాసును ముట్టి చూసింది. నా వంక వింతగా చూసింది.

"ఫ్రిజ్‌లవే గదా అమ్మమ్మా" అంది.

నేను గ్లాసు వదల్లేదు. అజాన్ మొదలయ్యేదాకా రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాను.